మంటలో ఆయన లేడు

2016 మార్చి నెల. శనివారం రాత్రి రెండు దాటింది. మా బ్యారన్‌లో, అంటే పొగాకు ఆకును వేడితో ఆరబెట్టే కొట్టంలో, క్యూరింగ్ ఆరో రోజుకు చేరింది. ఆకు పండింది, ఆరింది, ఇక ఈనె ఎండితే కర్రలు దించుకోవడమే. ఆ దశలో ఆకు అప్పడంలా ఉంటుంది. పై వరుస కర్ర నుంచి ఒక్క ఆకు జారి, కింద కాలుతున్న గొట్టం మీద పడితే చాలు, గుప్పుమంటుంది. రేకులు పేలిన చప్పుడుకు మా వీధంతా లేచింది. బోరు వేద్దామంటే కరెంటు లేదు. బిందెలు, బకెట్లు పట్టుకుని నలభై మంది పరుగెత్తారు. తెల్లారేసరికి నాలుగు గోడలు, వాటి మధ్య బూడిద మిగిలాయి. ఎనిమిది వందల కర్రల ఆకు పోయింది.

మాది గుండ్లకమ్మ ఒడ్డున, ఒంగోలుకు గంట దూరంలో ఉన్న పల్లె. నేను ముప్పై ఏళ్లు జిల్లా పరిషత్తు బడుల్లో తెలుగు చెప్పాను. మావారిది వ్యవసాయం. సొంతం ఎకరన్నర, కౌలు మరో నాలుగెకరాలు. బ్యారన్ అద్దెది. అంతకు ముందేడు, 2015లో, పొగాకు ధర పడిపోయి మా జిల్లాలో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ ఏటి నష్టాన్ని ఈ పంటతో పూడ్చుకోవాలని నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి సాగు చేశారు. ఆ రాత్రితో అప్పు ఆరు లక్షలు దాటింది.

తెల్లవారితే ఆదివారం. మావారు స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని మా క్రైస్తవ గుడికి వచ్చారు. పాటలు పాడారు. కానుక సంచిలో ఎప్పుడూ వేసేంత వేశారు. అందరూ ఆయన ధైర్యాన్ని మెచ్చుకున్నారు. నేనూ గర్వపడ్డాను. సోమవారం పొద్దున ఆయన మంచం మీద నుంచి లేవలేదు.

మార్చి పోయింది, ఏప్రిల్ పోయింది, మే పోయింది. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు. నా జీతం ఉంది కాబట్టి అన్నానికి లోటు లేదు. అప్పులవాళ్లు కూడా గడువు ఇచ్చారు. కౌలు ఇచ్చిన ఆసామి ఆ ఏడు సగమే తీసుకున్నాడు. అయినా ఆయన లేవలేదు. గడ్డం చేసుకోరు, రచ్చబండ దగ్గరికి పోరు, పెరట్లో కట్టేసిన గేదె అరిచినా తల తిప్పరు. ఒకరోజు నేను ఇంట్లో ఉన్న పురుగుమందు డబ్బాలన్నీ గోనెసంచిలో వేసుకుని వెళ్లి మా అన్నయ్యవాళ్ల ఇంట్లో పెట్టి వచ్చాను. ఎందుకని అన్నయ్య అడగలేదు. నేను చెప్పలేదు.

మా గుడి సంఘం మా ఇంటికి వచ్చింది. ఈ ముక్క రాయడానికి కారణం అదే. వచ్చినవాళ్లలో చెడ్డవాళ్లు ఎవరూ లేరు. ప్రేమతోనే వచ్చారు, కన్నీళ్లతో ప్రార్థన చేశారు. కానీ వాళ్లు అన్న మాటలు వింటుంటే మంచం మీది మనిషి ఇంకా ముడుచుకుపోవడం నేను కళ్లారా చూశాను. విశ్వాసి కుంగిపోకూడదు, అది సాక్ష్యానికి మచ్చ అన్నారు ఒకరు. ఇంట్లో ఒప్పుకోని పాపం ఏదో ఉంది, పరీక్షించుకోండి అన్నారు ఉపవాస ప్రార్థనకు వచ్చిన ఒక ప్రసంగీకుడు. ఇంకొకాయన మరో అడుగు ముందుకు వేశారు. పొగాకు పండించడమే పాపం కనుక దేవుడే అగ్ని పంపాడని అన్నారు. పొగాకు సాగు మంచిదా చెడ్డదా అని ఒక రైతుతో మాట్లాడాలంటే నారు పోసే ముందు మాట్లాడాలి. బూడిద మీద కూర్చున్నవాడితో ఆ చర్చ పెట్టడానికి ఏ మనిషికీ హక్కు లేదు. పైగా మా గుడి పైకప్పుకు ఎక్కిన ప్రతి రేకూ పొగాకు డబ్బుతో కొన్నదే. మా సంఘంలో అందరికీ ఆ సంగతి తెలుసు.

నేనూ ఏం తక్కువ చేయలేదు. పంతులమ్మను కదా, బోధించడం అలవాటు. నూతన సంవత్సరం అర్ధరాత్రి ఆరాధనలో ప్రతి కుటుంబమూ ఒక వాగ్దానం కార్డు తీసుకుంటుంది. ఆ ఏడు మాకు వచ్చిన వాగ్దానం చేతిపనుల ఆశీర్వాదం గురించి. ఆ కార్డును ఆయన చూపు పడేచోట గోడకు అంటించాను. రోజూ పొద్దున్నే దాన్ని గట్టిగా చదివేదాన్ని. ఆయన కళ్లు మూసుకునేవారు. నేను దాన్ని విశ్వాసం అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే, ఆ మూడు నెలల్లో నేను చేసిన పెద్ద తప్పు అదేననిపిస్తుంది. ఆయనకు జరిగినదాన్ని ఆ కార్డు ప్రతి ఉదయం అబద్ధం అంటోంది.

మా వీధి చివర ఒక అవ్వ ఉండేది. భర్త పోయి చాలా ఏళ్లు. పిల్లల్లేరు. ఆకు కర్రలకు అల్లే పనికి పోయి బతికింది. చదువు రాదు, బైబిలు ఎవరైనా చదివి వినిపించాలి. బ్యారన్ కాలిన పది రోజులకు ఒక మధ్యాహ్నం సత్తు గిన్నెలో రాగిసంకటి, మీద గోంగూర పచ్చడి పెట్టుకుని వచ్చింది. మంచం పక్కన నేల మీద కూర్చుంది. "నాయనా, రెండు ముద్దలు తిను" అంది. ఆయన తినలేదు. గిన్నె అక్కడే పెట్టి కాసేపు కూర్చుని వెళ్లిపోయింది. మర్నాడు మళ్లీ వచ్చింది. వారం పోయాక ఆయన లేచి కూర్చుని రెండు ముద్దలు తిన్నారు, మళ్లీ పడుకున్నారు. "పడుకోనీ అమ్మాయ్, లేపబాక" అని నాకు చెప్పి వెళ్లింది. ఆ అవ్వ మా ఇంట్లో పైకి ప్రార్థన చేసినట్టు నాకు గుర్తు లేదు.

మాకంటే పేదరాలు మాకు అన్నం తేవడమేమిటని మొదట్లో నాకు చిన్నతనంగా ఉండేది. తర్వాత ఒక రాత్రి మొదటి రాజుల గ్రంథం పంతొమ్మిదో అధ్యాయం తీశాను. చిన్నప్పుడు సండే స్కూల్లో ఏలీయా కథ విన్నాను, పిల్లలకు చెప్పాను కూడా. కానీ మేం ఎప్పుడూ చెప్పింది కర్మెలు కొండ మీద ఆకాశం నుంచి అగ్ని దిగిన కథ. దాని తర్వాతి పేజీ మీద మా కళ్లు నిలిచేవి కావు. అంత గెలిచిన ప్రవక్త, రాణి పంపిన ఒక్క బెదిరింపుకు పారిపోయాడు. వెంట ఉన్న సేవకుణ్ణి బెయేర్షెబాలో వదిలేశాడు. ఒక రోజు నడక దూరం అరణ్యంలోకి పోయి, బదరీచెట్టు కింద కూర్చుని, ఇక చాలు, చంపెయ్యమని దేవుణ్ణి అడిగి పడుకున్నాడు.

అప్పుడు దేవుడు ఏం చేశాడో చూడండి. మందలించలేదు. నీ విశ్వాసం ఏమైందని అడగలేదు. కర్మెలు గుర్తు చెయ్యలేదు. దూత వచ్చి తట్టి లేపి తినమన్నాడు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు. ఏలీయా తిన్నాడు, తాగాడు, మళ్లీ పడుకున్నాడు. దేవుడు పడుకోనిచ్చాడు. రెండోసారి లేపి మళ్లీ తినిపించాడు, ముందున్న ప్రయాణం నీ శక్తికి మించినదని ఒప్పుకున్నాడు కూడా. ఆ అధ్యాయం చదువుతూ ఉంటే నాకు వీధి చివరి అవ్వ నడిచివస్తున్నట్టు అనిపించింది. అక్షరం రాని ఆమెకు ఆ లేఖనం మాకంటే బాగా తెలుసు.

ఆ రాత్రి నేను పైకి చదువుతున్నానని నాకే తెలియలేదు. ఏలీయా హోరేబు కొండకు చేరాక పెద్ద గాలి వీస్తుంది, గాలిలో దేవుడు లేడు. భూమి కంపిస్తుంది, అందులోనూ లేడు. మంట లేస్తుంది, మంటలోనూ లేడు. అక్కడికి వచ్చేసరికి గోడవైపు నుంచి మావారి గొంతు వినబడింది. "అయితే మంటలో ఆయన లేడన్నమాట."

ఆయన మనసులో అంతకాలం ఏం తిరుగుతోందో నాకు అప్పుడు తెలిసింది. అగ్ని పంపింది దేవుడేనన్న మాటను ఆయన మూడు నెలలు ఒంటరిగా మోశారు. ఏలీయా కథలో కర్మెలు మీది మంట ఉంది నిజమే. అదే మనిషికి, కుంగిపోయి ఉన్నప్పుడు, దేవుడు మంటగా కనబడలేదు. సన్నని, నెమ్మదైన స్వరంగా వినబడ్డాడు. ఆ స్వరం కూడా బోధించలేదు, ఇక్కడేం చేస్తున్నావని గాలికి ముందు దేవుడు అడిగిన ప్రశ్ననే అడిగింది. మొదటిసారి ఏలీయా తన మొర చెప్పుకున్నాడు. రెండోసారీ అదే మొర, అవే మాటలతో. దేవుడు రెండుసార్లూ విన్నాడు.

క్రైస్తవ విశ్వాసం నిరుత్సాహాన్ని ఎలా జయిస్తుందని ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఈ వరుసే. ముందు తిండి, నిద్ర. తర్వాత పక్కన ఒక మనిషి. తర్వాత వినే చెవి. పని, మాట, వాగ్దానం అన్నీ ఆ తర్వాత. మా సంఘాల్లో మేం ఈ వరుసను తలకిందులు చేశాం. వాగ్దానంతో మొదలుపెడుతున్నాం. అది అందుకోలేని మనిషిని అవిశ్వాసి అంటున్నాం. యోబు స్నేహితులు కూడా ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నోరు మెదపకుండా నేల మీద అతని పక్కన కూర్చున్నారు. అన్నాళ్లూ వాళ్లు నిజమైన స్నేహితులే. నోరు తెరిచాకే పాడుచేశారు. చివరికి దేవుడు కోప్పడింది గొడవపడిన యోబు మీద కాదు, తన తరఫున వాదించిన ఆ స్నేహితుల మీద.

ఇలా మెత్తగా ఉంటే విశ్వాసులు బలహీనులవుతారని నాతో వాదించిన పెద్దలున్నారు. వాళ్లకు నా జవాబు కీర్తనల గ్రంథమే. నూట యాభై కీర్తనల్లో మూడో వంతుకు పైగా మొరలు, ఏడుపులు, ఎంతకాలమని నిలదీతలు. ఎనభై ఎనిమిదో కీర్తన అయితే చివరి మాట దాకా చీకటే. ఆ చీకట్లోనే ముగుస్తుంది, ఆశ అనే ఒక్క వాక్యం కూడా అతికించకుండా. దాన్ని తీసేయడానికి ఎవరికీ మనసొప్పలేదు, ఆరాధనలో వాడే గ్రంథంలోనే ఉంచారు. ఎందుకంటే ఆ మనిషి చీకట్లో ఉండి కూడా దేవుడితోనే మాట్లాడుతున్నాడు. మాట తెగిపోలేదు. నేను తరగతిలో జాషువా గారి గబ్బిలం చెప్పినప్పుడల్లా ఈ సంగతే తట్టేది. 1941లో వచ్చిన ఆ కావ్యంలో గుడి తలుపు మూసేసిన లోకంలో ఒక అంటరాని మనిషి తన గోడు ఒక గబ్బిలానికి చెప్పుకుని, కాశీలో ఉన్న శివుడికి విన్నవించమంటాడు. గోడు చెప్పుకోవడానికి ఒక్క ప్రాణి ఉన్నంతకాలం మనిషి పూర్తిగా కూలిపోడు. జాషువా గారు క్రైస్తవ కుటుంబంలో పుట్టారు. ఆ కీర్తనల మొర ఆయన చెవిన పడే ఉంటుందని నా నమ్మకం.

ఈ వరుసే మా ప్రాంత చరిత్రలోనూ నాకు కనబడింది. ఒంగోలులో ప్రార్థన కొండ ఉంది. నా పదకొండో ఏట మా నాన్న నన్ను అక్కడికి ఎక్కించి దాని కథ చెప్పారు. అమెరికన్ బాప్టిస్టు మిషను 1836 నుంచి తెలుగువాళ్ల మధ్య పనిచేస్తున్నా చేరినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. 1853లో అమెరికాలోని పెద్దలు ఈ పని మూసేద్దామా అని చర్చించారు. మరుసటి ఏడు జనవరి 1న తెల్లవారుజామున మిషనరీ లైమన్ జ్యూయెట్, ఆయన భార్య, ముగ్గురు తెలుగువాళ్లు, మొత్తం ఐదుగురు ఈ కొండ ఎక్కి ఒంగోలు కోసం ప్రార్థన చేశారు. మా నాన్న అక్కడి నుంచి నేరుగా 1878 జులై 3కు దూకేవారు. ఆ రోజు గుండ్లకమ్మలో, వెల్లంపల్లి దగ్గర, 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆ అంకె మా ప్రాంతంలో ప్రతి క్రైస్తవ పిల్లకూ నోటికి వస్తుంది.

మావారు మంచం పట్టిన తర్వాత నాకు ఆ అంకె కంటే దాని ముందున్న ఏళ్ల మీద ధ్యాస మళ్లింది. కొండ ఎక్కిన ఐదుగురికీ పన్నెండేళ్ల పాటు ఒంగోలులో కాపురం పెట్టే మిషనరీ దొరకలేదు. మధ్యలో 1862లో మళ్లీ మూసివేత మాట వచ్చింది. 1866లో జాన్ క్లౌ వచ్చారు. ఆ ఏడే తాళ్లకొండపాడు మాదిగ పల్లె నుంచి యర్రగుంట్ల పేరయ్య తనంతట తాను వెతుక్కుంటూ వచ్చి బాప్తిస్మం పొంది, తన బంధువుల ఊళ్లన్నీ తిరిగాడు. తర్వాత 1876 నుంచి 1878 దాకా మహా కరువు. అప్పుడు క్లౌ చేసిన పనేమిటంటే, బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్లు కాంట్రాక్టు తీసుకోవడం. ఆకలితో వచ్చిన పల్లెల జనానికి తట్ట, పార ఇచ్చి, చేసిన పనికి కూలి ఇచ్చారు. బోధకులే మేస్త్రీలయ్యారు. కూటి కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని కరువు పనులు సాగినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశారు. మా నాయనమ్మకు నాయనమ్మ ఆ కాలువలో మన్ను మోసిందని మా ఇంట్లో చెప్పుకుంటారు. నదిలో దిగిన రోజు గురించి మాత్రం ఆమె ఏమీ చెప్పేది కాదట. కూలి ఇచ్చిన సాయంత్రాల గురించే చెప్పేదట. మా ప్రసంగాల్లో 2,222కు ఇచ్చే చోటులో సగమైనా ఆ సాయంత్రాలకు ఇవ్వాలని నా కోరిక.

అవ్వ కూడా మావారికి ఒక పని పెట్టింది. ఆయన రోజూ లేచి కూర్చుని తినడం మొదలయ్యాక, జూన్‌లో, "నాయనా, నా తలుపు కీలు ఊడింది, గాలికి కొట్టుకుంటంది, వచ్చి చూస్తావా" అంది. ఆయన సుత్తి, మేకులు వెతుక్కుని వెళ్లారు. అరగంట పని. తిరిగి వచ్చి బావి దగ్గర కాళ్లు కడుక్కున్నారు. మూడు నెలల తర్వాత ఆయన కాళ్లకు మన్ను అంటడం అదే. ఏలీయాకు కూడా దేవుడు చివర్లో పనులు అప్పగించాడు, నువ్వు ఒంటరివాడివి కాదు, ఇంకా ఏడువేల మంది ఉన్నారని చెప్పాడు. ఆ మాట చెట్టు కింద చెప్పి ఉంటే ఏలీయా చెవికి ఎక్కేది కాదు.

ఇంకొక సంగతి దాచకుండా చెప్పాలి. జూన్ చివర్లో నేను ఆయన్ను ఒంగోలు తీసుకువెళ్లి మానసిక వైద్యుడికి చూపించాను. డాక్టరు గారు అరగంట విని, ఇది కుంగుబాటు, జబ్బు, మాత్రలు పనిచేయడానికి మూడు నాలుగు వారాలు పట్టొచ్చు, మధ్యలో ఆపొద్దు అన్నారు. ఊళ్లో ఈ విషయం తెలిసి, దేవుణ్ణి వదిలి డాక్టర్ని నమ్ముకున్నారని కొందరు బాధపడ్డారు. షుగరుకు, బీపీకి మాత్రలు వేసుకుని ప్రార్థనకు వచ్చేవాళ్లే ఆ మాట అన్నారు. తల కూడా శరీరంలోదే. లూకా సువార్త రాసిన లూకాను వైద్యుడిగానే సంఘం గుర్తుపెట్టుకుంది. దూత చేతి రొట్టెను ఏలీయా తినడం ఎంత విశ్వాసమో, మావారు రాత్రిపూట మాత్ర మింగడం అంతే విశ్వాసమని నేను నమ్ముతున్నాను. ఇప్పుడైతే టెలీ మానస్ అని 14416 నంబరుకు పగలైనా రాత్రైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. గోనెసంచి మోసుకుని అన్నయ్య ఇంటికి నడిచిన రోజున నాకు అలాంటి నంబరు ఒకటి చేతిలో ఉంటే ఎంత బాగుండేది!

పాస్టరు గార్లకు, సంఘ పెద్దలకు నా మనవి ఒకటుంది. మా గుళ్లలో సాక్ష్యం అంటే గట్టెక్కినవాళ్ల మాట. జబ్బు తగ్గినవాళ్లు లేస్తారు, ఉద్యోగం వచ్చినవాళ్లు లేస్తారు, అందరం చప్పట్లు కొడతాం. ఇంకా మధ్యలో ఉన్నవాళ్లు వెనక వరుసలో తల దించుకుని కూర్చుంటారు. తమకు దేవుడు ఏమీ చేయలేదనుకుంటారు. శ్రమల దినాల్లో నలభై రోజులు యేసు బాధను తలుచుకుంటాం. గెత్సేమనేలో ఆయన తన ప్రాణం మరణమయ్యేంతగా క్రుంగిందని శిష్యులకు చెప్పి, మెలకువగా ఉండి తోడుండమని అడిగిన చోట మా గొంతులు గద్గదమవుతాయి. దేవుని కుమారుడే తోడు అడిగితే తప్పు కాదు, మా వీధిలో రైతు అడిగితే ఎలా తప్పవుతుంది? ఆదివారం ఆరాధనలో మొరల కీర్తనలు చదవండి. సాక్ష్యం చెప్పేవాళ్ల కథ పూర్తి కాలేదని ఆపకండి.

ఆ ఏడు కోత పండుగనాడు మా పాస్టరు గారు మావారిని సాక్ష్యం చెప్పమన్నారు. బల్ల ముందు జొన్న కంకులు, గుమ్మడికాయలు, కోళ్లు, ఒక మేకపిల్ల. గుడి నిండా జనం. ఆయన లేచి నిలబడి, కాసేపు పైనున్న రేకులవైపు చూశారు.

"అప్పు ఇంకా తీరలేదు. మాత్రలు వేసుకుంటున్నాను. రాత్రి నిద్ర పడుతోంది. అవ్వ సంకటి పెట్టింది. దేవుడికి వందనాలు."

కూర్చున్నారు. ఏం చేయాలో తెలియక ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పాస్టరు గారు కాసేపు ఆగి, తర్వాతి పాట సంఖ్య చెప్పారు. ఆరాధన అయ్యాక కానుకల వేలంపాటకు జనం బయట చేరారు. పాతికేళ్ల కుర్రాడొకడు, మిరప వేసి నష్టపోయినవాడు, వేపచెట్టు చాటుకు మావారిని పిలిచాడు. "పెదనాన్నా, ఆ డాక్టరు ఏ రోజు చూస్తాడు?" అని అడిగాడు. మంగళవారం అని చెప్పారు ఈయన. మంగళవారం ఏడింటి బస్సుకు ఇద్దరూ కలిసి ఒంగోలు వెళ్లారు.